ఉప్పునీటి తొట్టి కొనే ముందు



ఇంట్లో చేపల తొట్టి ఉండడము మనకు కొత్త సంగతి కాదు. గాజు పెట్టెలో నాలుగు బంగారు చేపలు, బుడగలు వదిలే మిషను, అడుగున రంగురాళ్లు పట్టణాలలోను పల్లెలలోను చూస్తూనే ఉన్నాము. ఇప్పుడు పిల్లలు అడుగుతున్నది అది కాదు. నారింజ రంగు మీద తెల్లని పట్టీలున్న సముద్రపు చేప కావాలంటున్నారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' అనే బొమ్మల సినిమా చూసి కొందరు, అమెరికాలో ఉన్న పెదనాన్నగారి ఇంటి తొట్టిని వీడియో కాల్‌లో చూసి కొందరు అడుగుతున్నారు. అన్నీ ఒకే పెట్టెలో అమర్చిన చిన్న ఉప్పునీటి తొట్లు మన దేశములోను దొరుకుతున్నాయి గనుక, "చిన్నదే కదా, కొందాము" అని తల్లిదండ్రులు కూడ అనుకొంటున్నారు.

ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము. మేము చెప్పదలచినది ఒక్కటే. ఏ తొట్టి కొనాలి అని దుకాణములో అడుగుటకు ముందు, మన ఇల్లు ఏ తొట్టిని పోషించగలదు అని ఇంట్లో అడుగుకోవాలి. చిన్న తొట్టి చిన్న పని కాదు. అందులో ఉండేది ప్రాణమున్న జీవి. అది తన ఇష్టముతో మన ఇంటికి రాలేదు.

అన్నీ ఒకే పెట్టెలో అంటే

ఇటువంటి తొట్టి ముందు నుండి చూస్తే మామూలు గాజు పెట్టె వలెనే ఉంటుంది. వెనుక వైపు నల్లని అడ్డుపలక ఉంటుంది. దాని వెనుక రెండు మూడు సన్నని అరలుంటాయి. పలక పైభాగములోని చీలికల గుండా నీరు వెనుక అరలోకి దిగుతుంది. అక్కడ స్పాంజి మురికిని పట్టుకొంటుంది. తరువాతి అరలో శుద్ధిచేసే బొగ్గు, సన్న రంధ్రాలున్న పింగాణీ ముక్కలు ఉంటాయి. చివరి అరలోని చిన్న మోటారు ఆ నీటిని మరల ముందుకు తోస్తుంది. పైన ఎల్‌ఇడి దీపము ఉంటుంది. పైపులు, విడి ఫిల్టరు ఏవీ బయటికి కనబడవు. ముందుగదిలో పెట్టుకొంటే చూచుటకు శుభ్రముగా ఉంటుంది.

అయితే "అన్నీ" అనే మాటను జాగ్రత్తగా వినాలి. ఫ్లూవల్ కంపెనీవారి 'ఈవో' అనే తొట్లలో ఒకటి 13.5 అమెరికా గ్యాలన్లది, అంటే సుమారు 51 లీటర్లు. దానితో దీపము, మోటారు, ఫిల్టరు సామాను వస్తాయి. రెడ్ సీ కంపెనీవారి 'మ్యాక్స్ నానో' సుమారు 75 లీటర్లది. దానితో నీటిలోని మలినమును నురుగుగా తీసివేసే పరికరము కూడ వస్తుంది. కాని ఉప్పు, ఉప్పు సాంద్రత కొలిచే పరికరము, థర్మామీటరు, అమ్మోనియా పరీక్ష మందు, శుద్ధి చేసిన నీరు, రాళ్లు చాలా వరకు వేరుగా కొనవలసినవే. తొట్టి ధర వేరు, తొట్టి నడిచే ధర వేరు. ఈ రెండింటికీ చీటీ వ్రాసి ఇమ్మని దుకాణదారుని అడగండి. ఆ చీటీ చూసిన తరువాతనే డబ్బు తీయండి.

చెరువు తెలిసినవారికి తెలిసినదే

గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాలలోని మన పాఠకులకు మేము ఎక్కువ చెప్పనక్కరలేదు. 2009లో వనామీ రొయ్యల సాగుకు మన దేశములో అనుమతి వచ్చినది మొదలు ఎన్నో కుటుంబములు నీటిని చదువుట నేర్చుకొన్నాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు. ఉప్పు శాతము కొలుస్తారు. అమ్మోనియా పెరిగితే మేత తగ్గిస్తారు. ఉప్పునీటి తొట్టి అంటే గాజు గోడల మధ్య పెట్టిన చెరువే. ఎకరము చెరువులో ఒక తేడా వస్తే సరిచేయుటకు కొంత సమయము ఉంటుంది. 50 లీటర్ల తొట్టిలో ఆ సమయము చాల తక్కువ. అందుచేతనే చిన్న తొట్టి పెద్దదాని కంటె కష్టము.

మొదటిది ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. 50 లీటర్లలో 5 లీటర్లు ఆవిరైపోతే మిగిలిన నీటిలో ఉప్పు లీటరుకు దాదాపు 39 గ్రాములకు చేరుతుంది. మన ఎండాకాలములో ఫ్యాను కింద పెట్టిన తొట్టిలో ఇది కొద్ది రోజులలోనే జరుగవచ్చును. కనుక ప్రతిదినము తగ్గినంత నీరు పోయవలెను. ఆ పోసేది ఉప్పులేని శుద్ధమైన నీరు. ఉప్పునీటి తొట్టి గనుక ఉప్పునీరే పోయాలనుకొని చేపలను పోగొట్టుకొన్న ఇండ్లు ఉన్నాయి.

రెండవది అమ్మోనియా. చేప విసర్జించినది, తినక మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. రాళ్ల మీద, పింగాణీ ముక్కల మీద పెరిగే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గాను, తరువాత నైట్రేట్‌గాను మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు స్థిరపడుటకు సాధారణముగా 4 నుండి 6 వారాలు పడుతుంది. అప్పటివరకు తొట్టి కంటికి ఎంత తేటగా కనబడినా చేపకు విషమే. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1 నుండి 8.3 వరకు ఉంటుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్నకొలది అమ్మోనియా మరింత హాని చేస్తుంది.

మూడవది ఆక్సిజన్. ఒకే వేడిమిలో ఉన్న మంచినీటి కంటె సముద్రపు నీటిలో ఆక్సిజన్ సుమారు ఐదవ వంతు తక్కువగా కరుగుతుంది. నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది.

నీరు ఎక్కడిది, ఉప్పు ఎక్కడిది

"సముద్రము దగ్గరే ఉన్నది, నాలుగు డబ్బాల నీరు తెచ్చుకొంటే సరిపోదా?" అని కోస్తావారు అడుగుతారు. మన తీరములో నదులు కలిసే చోట్ల నీటి ఉప్పు శాతము ఋతువును బట్టి మారిపోతుంది. గోదావరికి, కృష్ణకు వరద వచ్చినప్పుడు మరీ తగ్గుతుంది. ఒడ్డున ఓడరేవుల నూనె, ఊరి మురుగు కూడ కలుస్తాయి. ఇంటి తొట్టికి అది నమ్మదగిన నీరు కాదు.

వంట ఉప్పు కూడ పనికిరాదు. నౌపడాలోను, చినగంజాములోను ఉప్పు మడులు చూసినవారికి కారణము తెలుసు. మడిలో ఉప్పు గట్టిపడి తేలిన తరువాత చేదునీరు మిగులుతుంది. మెగ్నీషియము వంటి లవణములు చాలా వరకు ఆ నీటిలోనే ఉండిపోతాయి. సముద్రపు నీటి లవణములలో సోడియము, క్లోరైడు కలిసి సుమారు 85 శాతము. మిగిలిన 15 శాతములో మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము, సల్ఫేటు మొదలైనవి ఉంటాయి. అవి లేని నీరు రుచికి ఉప్పగా ఉన్నా సముద్రము కాదు. అందుకే తొట్ల కొరకు తయారుచేసిన ఉప్పు కొనాలి. లీటరుకు 35 నుండి 38 గ్రాములు కలపాలి. అంటే 50 లీటర్ల తొట్టికి మొదటిసారి సుమారు 1,800 గ్రాములు, వారము వారము 5 లీటర్ల నీరు మార్చుటకు సుమారు 180 గ్రాములు. ఉప్పును ముందురోజే ప్లాస్టిక్ బకెట్టులో కలిపి ఉంచాలి. పొడి ఉప్పు తిన్నగా తొట్టిలో పోయకూడదు.

ఇక కలుపుకొనే నీరు. బోరు నీటిలో కరిగిన లవణములు ఎక్కువ. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఆర్‌ఓ నీరు మేలు, కాని మన ఇండ్లలోని కొన్ని ఆర్‌ఓ మిషన్లు ఆరోగ్యము కొరకని రాగిని కలుపుతాయి. మనకు సరిపోయే ఆ కొంచెము రాగి తొట్టిలోని రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకము. రాగి బిందెలో నిలవచేసిన నీరు కూడ పోయవద్దు. కరిగిన లవణములను సున్నాకు దగ్గరగా తెచ్చే శుద్ధియంత్రపు నీరు దొరికితే అది అన్నిటికంటె మంచిది.

కరెంటు, ఎండ

సముద్రపు చేపలలో ఇండ్లలో పెంచే వాటికి 24 నుండి 27 డిగ్రీల వేడిమి అనుకూలము. చలిదేశాలలో నీటిని వేడిచేసే కడ్డీ ముఖ్యమైన వస్తువు. మన కష్టము దానికి విరుద్ధము. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీల ఎండ కాస్తుంది. రేకుల ఇంట్లోనో, డాబా పైగదిలోనో పెట్టిన 50 లీటర్ల నీరు 30 డిగ్రీలు దాటకుండ ఉండుట కష్టము. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చును. ఉక్కపోసే కోస్తా గాలిలో అంత కూడ తగ్గకపోవచ్చును. అప్పుడు నీటిని చల్లబరచే యంత్రము కొనవలసి వస్తే దాని ధర కొన్నిసార్లు తొట్టి ధరను మించుతుంది. కొనే ముందు ఒక బకెట్టు నీటిని మీరు తొట్టి పెట్టదలచిన చోటనే వారము రోజులు ఉంచి, మధ్యాహ్నము మూడు గంటలకు థర్మామీటరుతో చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

కరెంటు పోతే మోటారు ఆగుతుంది. నీరు కదలకపోతే గాలి చేరదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే తొట్టి మోటారును దానికి కలపండి, ఆ చిన్న మోటారు లాగేది కొద్ది వాట్లే. ఇన్వర్టరు లేకపోతే చేపపిల్లల రవాణాలో వాడే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

తీగల సంగతి కూడ జాగ్రత్త. ఉప్పునీటి తడి తీగ వెంబడి ప్లగ్గు వరకు ప్రాకుతుంది. తీగ ప్లగ్గు కంటె కిందికి వేలాడి మరల పైకి వెళ్లేటట్టు అమర్చితే నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో తొట్టి పెట్టవద్దు. అమెరికా నుండి బంధువులు తెచ్చే మోటార్లు అక్కడి 110-120 వోల్టుల కరెంటుకు చేసినవైతే మన 230 వోల్టులకు మాడిపోతాయి. ప్రేమతో తెచ్చినదే అయినా ముందు దాని మీది అంకె చదవండి.

పగడము జోలికి పోవద్దు

వీడియోలలోని తొట్లలో రంగురంగుల పగడములు ఊగుతుంటాయి. అమెరికాలో పెంచిన పగడపు ముక్కలను అమ్ముట, కొనుట అనుమతి ఉన్న వ్యాపారము. మన దేశములో సంగతి వేరు. సముద్రములో దిబ్బలు కట్టే పగడములన్నిటిని, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణయే పగడమునకు కూడ ఉన్నది. వాటిని తీయుట, అమ్ముట నేరము. శిక్ష మూడేండ్లకు తగ్గదు. పగడపు దిబ్బ నుండి విరిచి తెచ్చిన రాయిని కూడ "జీవమున్న రాయి" అని పేరు పెట్టి అమ్మజూపుతారు. ముట్టవద్దు. సూక్ష్మజీవులు ఉండుటకు కాల్చి చేసిన రంధ్రాల కృత్రిమ రాళ్లు చాలు.

ఇందులో మనకు ఒక లాభము కూడ ఉన్నది. ఖరీదైన తొట్లలో ఎక్కువ డబ్బు పోయేది పగడములు పెరుగుటకు కావలసిన బలమైన దీపమునకు. పగడము పెట్టనివారికి ఆ దీపము అక్కరలేదు. చేపలు కనబడేంత వెలుగు రోజుకు ఎనిమిది గంటలు చాలు. ఎక్కువైతే పాచి పెరుగుతుంది.

ఏ చేప?

50 లీటర్లకు రెండు చిన్న చేపలు, ఒకటి రెండు రొయ్యలు, కొన్ని నత్తలు. అంతకు మించవద్దు. పిల్లలు అడిగే క్లౌన్ చేప అదృష్టవశాత్తు ఇందుకు తగినదే. సుమారు 8, 9 సెంటీమీటర్లు పెరుగుతుంది, బాగా చూస్తే పదేండ్లకు పైగా బ్రతుకుతుంది. ఈ జాతిలో పిల్లలన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. కనుక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కొంటే చాలు, జంట కుదురుతుంది.

కొనేటప్పుడు, ఇది సముద్రములో పట్టినదా, హేచరీలో పుట్టినదా అని తప్పక అడగండి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా సముద్రాలలో కొందరు సయనైడు చిమ్మి చేపలను మత్తెక్కించి పట్టిన చరిత్ర ఉన్నది. ఆ విషము చేపతోపాటు పగడమును కూడ చంపుతుంది. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడ రూపొందించారు. లక్షద్వీపములోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థవారు స్థానిక స్త్రీలకు అలంకార రొయ్యలను పెంచుట నేర్పించారు. అటువంటి చోట పుట్టిన జీవి గుళికల మేతకు అలవాటుపడి ఉంటుంది, సముద్రమును దోచినట్టు కాదు, ఒక కుటుంబమునకు కూలి కూడ దొరుకుతుంది.

సినిమాలోని నీలి చేపను మాత్రము అడగవద్దని పిల్లలకు చెప్పండి. అది 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, దూరము ఈదవలసిన చేప. దానిని మనుష్యుల చేతిలో పుట్టించి పెంచుట 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయములో మొదటిసారి సాధ్యమైనది. 50 లీటర్లు దానికి చెరసాల.

తొట్టిని చూసేటప్పుడు

ఇప్పుడు దుకాణమునకు వెళ్లవచ్చును. అక్కడ చూడవలసినవి ఇవి.

ఒకటి, పరిమాణము. 50 లీటర్ల కంటె చిన్నది వద్దు. చోటు, డబ్బు ఉంటే 75 లేక 100 లీటర్లది తేలిక.

రెండు, వెనుక అరలు. మీ చేయి లోపలికి దిగుతుందా? స్పాంజి వారము వారము తీసి కడుగవలసినదే. చేయి పట్టని అర రెండు నెలలలో మురికి గుంట అవుతుంది.

మూడు, మోటారు. పాడైతే మన ఊళ్లో దొరికే మరొక మోటారు అందులో ఇముడుతుందా? ఆవిరి వలన నీరు ముందుగా తగ్గేది చివరి అరలోనే. అక్కడ నీరు తగ్గితే మోటారు గాలి పీల్చి చెడిపోతుంది. ఆ అరలో నీటిమట్టము బయటికి కనబడేటట్టు ఉంటే మంచిది.

నాలుగు, మూత. పూర్తిగా మూసినది వేడిని పట్టి ఉంచుతుంది. పూర్తిగా తెరచినదాని నుండి చేప బయటికి దూకుతుంది. మన ఎండలకు సన్నని వల మూత మేలు.

ఐదు, బల్ల. 51 లీటర్ల తొట్టి నీరు, రాళ్లు, గాజు కలిసి దాదాపు ఒక ధాన్యపు బస్తా బరువు. టీవీ బల్ల, ఫ్రిజ్ పైభాగము దానికి చోటు కాదు. కిటికీ ఎండ పడని, వంటగది పొగ తగలని చోట పెట్టాలి. దోమల మందు కొట్టే గదిలో వద్దు. మనకు దోమలను పోగొట్టే ఆ మందు చేపలకు, రొయ్యలకు విషము.

ఆరు వారాల నోటుపుస్తకము

తొట్టి ఇంటికి వచ్చిన రోజుననే చేపలు తేవద్దు. సూక్ష్మజీవులు స్థిరపడుటకు ఆరు వారాల వరకు పట్టవచ్చునని పైన చెప్పాము. ఆ ఆరు వారాలు కుటుంబమునకు కూడ పరీక్షగా వాడుకొనండి. నీరు, ఉప్పు, రాళ్లు పెట్టి మోటారు తిప్పండి. సూక్ష్మజీవులకు ఆహారముగా రెండు మూడు రోజులకొకసారి చిటికెడు చేపమేత వేయండి. తొట్టి అడిగిన బిడ్డ చేతికి ఒక నోటుపుస్తకము ఇవ్వండి. ప్రతిదినము వేడిమి ఎంత, ఎంత నీరు పోశాము, కరెంటు ఎంతసేపు పోయినది వ్రాయమనండి. వారమునకు రెండుసార్లు అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష పెద్దవారు దగ్గర ఉండి చేయించండి.

ఆరు వారాల తరువాత ఆ పుస్తకము తెరచి అందరు కలిసి చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండును కొద్ది రోజులుగా సున్నా ఉండి, వేడిమి హద్దులో ఉండి, పుటలు ఖాళీ లేకుండ ఉంటే మొదటి చేపను తెచ్చుకొనండి. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు నీరు పోయుటకు ఎవరున్నారో కూడ ముందే మాటాడుకొనండి. పెద్ద చేప మూడు రోజులు మేత లేకుండ ఉండగలదు. పొరుగువారు జాలిపడి గుప్పెడు మేత వేస్తే మాత్రము ఆ తొట్టి నిలువదు.

పుటలు సగము ఖాళీగా ఉంటే బిడ్డను కోపగించవద్దు. ఇంటిలో ఎవరికీ తీరిక లేదని ఆ పుస్తకము చెప్పుచున్నది, అంతే. అదే తొట్టిని కడిగి మంచినీరు పోసి గప్పీ చేపలు పెంచుకొనవచ్చును. మంచినీటిలో పొరపాటును సరిచేయుటకు కొంచెము ఎక్కువ వ్యవధి ఉంటుంది. సముద్రపు చేప మరికొన్నాళ్లు ఆగవచ్చును. అది ఇంకా మన ఇంటికి రాలేదు గనుక దానికి నష్టమేమీ లేదు.